గోడలు చూడబోయిన యాత్ర

తిరువనంతపురం వెళ్ళినవారు పద్మనాభస్వామిని సేవించుకుని, కోవళం తీరాన కాసేపు కూర్చుని, అరటికాయ ఉప్పేరి పొట్లం కట్టించుకుని వస్తారు. నేను గోడలు చూసి వచ్చాను. స్వామి దర్శనం కూడా అయిందనుకోండి; కాని ఇంటికి రాగానే మా అమ్మ నన్నడిగింది గోడల సంగతే.

అందుకు కారణం ఉంది. గుంటూరులో మాకు 200 గజాల స్థలం ఉంది. అమ్మ తన పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన అర ఎకరం అమ్మి కొన్న స్థలమది. నేను రిటైరయ్యాక చేతికి వచ్చినదీ, అంతకుముందు దాచుకున్నదీ కలిపితే 21 లక్షలు తేలింది. ఇంజనీరుగారు 1200 చదరపుటడుగుల ఇంటికి 24 లక్షలకు ఎస్టిమేటు వేసి ఇచ్చారు. తక్కువపడ్డ మూడు లక్షలూ అప్పు చేద్దామనుకున్నాను. వీధివైపు నిలువెత్తు అద్దాలు చూసి మా ఆవిడ మురిసిపోయింది. అమ్మ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, ప్లాను దగ్గరగా పట్టుకుని, ఒక్క మాట అడిగింది.

"నా గది పడమటివైపేనా, నాయనా?"

ఆ మాట వెనుక తొమ్మిది వేసవులున్నాయి. మేముంటున్న అద్దెవాటా మేడమీద. నెత్తిన శ్లాబు, పక్కన పడమటి గోడ. మే నెలలో రాత్రి పదింటికి కూడా ఆ గోడమీద చెయ్యి ఆనించలేము. ఎనభై మూడేళ్ళ మనిషి తడితువ్వాలు భుజాన వేసుకుని తెల్లవార్లూ కూర్చునేది. ఏ.సి. పెట్టిస్తే, మేము నిద్రపోయామో లేదో చూసుకుని, లేచి ఆపేసేది. బిల్లు భయం! సొంత ఇల్లు కావాలని స్థలం కొనిచ్చిన మనిషిని మళ్ళీ ఆ పడమటి గోడ పక్కనే పడుకోబెట్టబోతున్నానని అప్పటిదాకా నాకు తట్టలేదు.

మా బావమరిదికి తిరువనంతపురంలో అంతరిక్ష కేంద్రంలో ఉద్యోగం. సంగతి విని, "శంకుస్థాపన ఒక నెల ఆపండి, బావగారూ. ఒకసారి ఇక్కడికి వచ్చి బేకర్ గారి కట్టడాలు చూసి వెళ్ళండి" అన్నాడు. వెళ్ళాను.

లారీ బేకర్ గారు 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. 1945లో మన దేశం వచ్చి ఇక్కడే ఉండిపోయి, భారతీయుడై, 1990లో పద్మశ్రీ అందుకుని, 2007లో తిరువనంతపురంలోనే కన్నుమూశారు. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ళలోపు దొరికేదై ఉండాలని గాంధీగారు తనతో అన్నట్లు ఆయన చెప్పుకునేవారు. ఆ మాటను జీవితమంతా పట్టుకున్నారు.

రైలు దిగి తంపానూరు బస్టాండువైపు నడవగానే ఆయన కట్టిన ఇండియన్ కాఫీ హౌసు కనబడుతుంది. ఎర్రటి ఇటుక గుండ్రంగా చుట్టుకుంటూ పైకి పోతుంది. లోపల మెట్లు లేవు. నేలే వాలుగా ఎక్కుతుంది. గోడవెంబడి బల్లలు, కుచ్చుతలపాగాల సర్వర్లు, గోడనిండా వరుసగా చిల్లులు. ఆ చిల్లుల్లోంచి వెలుతురు ముక్కలు ముక్కలుగా పడుతోంది, గాలి వస్తోంది. ఏ.సి. చప్పుడు లేదు. ఇక్కడివారికి అది విశేషమే కాదు. కాఫీ తాగి లేచిపోతున్నారు. నేను మాత్రం రెండు కాఫీలు తాగి, గోడను తడిమి చూసుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు ఉళ్ళూరులోని అభివృద్ధి అధ్యయన కేంద్రానికి వెళ్ళాము. ఆర్థికవేత్త కె. ఎన్. రాజ్ గారు 1970ల తొలినాళ్ళలో నెలకొల్పిన సంస్థ అది. ఆ గుట్టను చదును చేయకుండా, చెట్లు కొట్టకుండా, వాటి సందుల్లో భవనాలు లేపారు బేకర్ గారు. గోడలకు గిలాబు లేదు, రంగు లేదు. "ఇటుకకు దాని రంగే ఉండగా మళ్ళీ రంగెందుకు?" అన్నాడు మా బావమరిది. నా ఎస్టిమేటులో గిలాబుకూ రంగులకూ ఎంత వ్రాశారో అప్పుడే మనసులో లెక్క వేసుకున్నాను.

ఆ పద్ధతిలో పని నేర్చిన ఒక మేస్త్రీ దొరికాడు. మలయాళం, తమిళం కలిపి చెబుతుంటే మా బావమరిది తెలుగు చేశాడు. ఇటుకలు పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి కడితే తొమ్మిదంగుళాల గోడలో నడుమ ఖాళీ మిగులుతుంది. దీన్ని ఎలుకబోను కట్టుబడి అంటారు. ఇటుకలు సుమారు నాలుగోవంతు తగ్గుతాయి. ఆ ఖాళీలోని గాలి బయటి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. శ్లాబు సంగతి కూడా అంతే. శ్లాబు అడుగుభాగంలో కాంక్రీటు మోసే బరువు స్వల్పం. అక్కడ కమ్మీల నడుమ మంగుళూరు పెంకులు జతలుగా పేర్చి పైన కాంక్రీటు పోస్తే సిమెంటు, ఇనుము ఆదా అవుతాయి; జత పెంకుల నడుమ గాలి ఎండకు అడ్డుపడుతుంది.

ఇంతా విని, "అయితే చిల్లులగోడ కూడా కట్టించేస్తాను" అన్నాను ఉత్సాహంగా. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "మీ ఊళ్ళో మే నెల గాలి ఎలా ఉంటుంది?" అన్నాడు. వడగాడ్పు గుర్తుకొచ్చి నోరు మూసుకున్నాను. వానల దేశానికి చిల్లులగోడ హాయి. మనకు పగలు తలుపులు బిగించి, రాత్రి తెరిచే కిటికీలు కావాలి. బేకర్ గారి గోడ తెచ్చుకోవడం కాదు, ఆయన అడిగే ప్రశ్న తెచ్చుకోవాలి: ఇది అవసరమా?

తిరుగు రైల్లో ఎస్టిమేటు వెనుకవైపున రెండు గీతలు గీశాను. ఒక గడిలో ఒకసారి పెట్టే ఖర్చు, రెండో గడిలో నెలనెలా పెట్టే ఖర్చు. గంటకొక యూనిట్ చొప్పున రెండు ఏ.సి.లు రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 480 యూనిట్లు. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటే కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 30 చాలు. అయిదు ఫ్యానులు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 81 యూనిట్లు మిగులుతాయి. ఇంజనీరుగారి కాగితంలో ఈ రెండో గడి లేనేలేదు. శ్లాబు పోశాక మనం చేయగలిగింది ఆ గడి నింపుకుంటూ పోవడమే.

ఊరు చేరాక ఇంజనీరుగారూ నేనూ మూడు సాయంకాలాలు కూర్చున్నాము. అద్దాలు, ఫాల్స్ సీలింగు, పిట్టగోడమీది నగిషీలు కొట్టేశాము. పునాది జోలికి మాత్రం ఆయన పోనివ్వలేదు. "మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. ఇక్కడ పొదుపు చేస్తే గోడలు నెర్రెలిస్తాయి" అన్నారు. ఒప్పుకున్నాను. మెట్లూ స్నానాలగదీ పడమటికి జరిపి ఎండకు అడ్డం పెట్టాము. నైరృతిన బరువుండాలన్న వాస్తుకూ ఇది సరిపోయింది. ఇద్దరికీ పేచీ లేకపోయింది. కప్పుకు పెంకుల శ్లాబు, పైన ఏటేటా తెల్లసున్నం. అమ్మ గది తూర్పుకు వచ్చింది.

కొత్త పనికి తీరిక ఎక్కువ పడుతుందని మేస్త్రీ కూలి పెంచాడు. అయినా మొత్తం 21 లక్షల 60 వేలకు దిగింది. మిగిలిన 60 వేలకు అప్పు తప్పదు. నలిగేంత అప్పు కాదు. అద్దాలు పోయినందుకు మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. వంటగట్టు ఆమె కోరినంత పొడుగున వేయించాక మూడో రోజు కాఫీ ఇచ్చింది.

కొత్త ప్లాను అమ్మ చేతికిచ్చాను. తన గది వెతుక్కుంది. కిటికీ ఎటువైపో అడిగింది. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పడమటివైపు గోడకు దూరంగా ఒక వేపమొక్క నాటించు. రేపే నాటించు. ఇల్లు ఆరునెలల్లో లేస్తుంది. చెట్టుకు ఆరేళ్ళు కావద్దూ?" అంది.

ఎస్టిమేటులో మొదటి పద్దు ఇప్పుడు అదే: వేపమొక్క, 30 రూపాయలు.