పగ్గం వదులు

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే భువనగిరిలో సాయంత్రం పూట రోడ్డు దాటడం కష్టం. ఒక ఫంక్షన్ హాల్ ముందు డీజే, ఇంకో హాల్ ముందు బ్యాండు, మధ్యలో బరాత్ కోసం ముస్తాబు చేసిన తెల్ల గుర్రం. వీపు మీద జరీ గుడ్డ, మెడలో గజ్జెలు, నుదుటి మీద కుచ్చు. పెళ్ళికొడుకు ఎక్కి కూర్చోగానే అందరూ ఫోన్లు ఎత్తుతారు. నా కన్ను మాత్రం అంతకు ముందరి అరగంట మీదే ఉంటుంది. గుర్రాన్ని ఎవరు నడిపించుకొచ్చారు, దారిలో అది ఎక్కడ మొరాయించింది, మొరాయిస్తే ఏం చేశారు అన్నది చూస్తే, ఆ రాత్రి బరాత్ ఎలా సాగుతుందో ముందే చెప్పవచ్చు.

ఒకసారి ఇలాగే ఒక గుర్రం కాలువ మీద పరిచిన ఇనుప జాలి దగ్గర ఆగిపోయింది. పగ్గం పట్టుకున్న పిల్లాడికి పదహారేళ్ళు ఉంటాయేమో. గుర్రానికి ఎదురుగా నిలబడి రెండు చేతులతో లాగుతున్నాడు. వాడు లాగిన కొద్దీ అది తల పైకెత్తి, మెడ బిగించి, వెనక కాళ్ళ మీద బరువు వేసి వెనక్కి పోతోంది. "మొండిది, రెండు తగిలిస్తే గానీ కదలది" అన్నారు బ్యాండు వాళ్ళెవరో. పిల్లాడు బెత్తం ఎత్తాడు. అప్పుడే వెనక నుంచి పెద్దాయన వచ్చాడు.

"ఆగు బిడ్డా, కొట్టకు. జర పగ్గం ఇడువు."

"ఇడిస్తే ఉరుకుతది తాతా."

"అది ఉరకాల్ననుకుంటె నువ్వు ఆపుతవా?"

నిజమే. 400 కిలోల జంతువు. బలానికి బలం పోటీ పెడితే మనిషి గెలవడు. పైగా ఆపకుండా ఒకే తీరున లాగితే ఎదురు తన్నుకుని నిలబడడం గుర్రానికి పుట్టుకతో వచ్చిన గుణం. పెద్దాయన పగ్గం అందుకుని ముందుగా దాన్ని వదులు చేశాడు. ఎదురుగా నిలబడకుండా భుజం పక్కకు జరిగాడు. మారు మాట్లాడలేదు. గుర్రం కాసేపు అలాగే నిలబడి, మెల్లగా మెడ దించి, ముక్కు జాలి దాకా తీసుకెళ్ళి గట్టిగా ఊపిరి వదిలింది. ఆయన పగ్గాన్ని రెండు వేళ్ళతో కొంచెం బిగించాడు. ముందు కాలు ఇలా కదిలిందో లేదో, అలా వదిలేశాడు. మళ్ళీ బిగింపు, మళ్ళీ వదులు. చివరికి గుర్రం జాలి మీద కాలు పెట్టకుండా ఒక్క గెంతులో దాటేసింది. ఆయన గుంజకుండా దానితోపాటే రెండడుగులు పోయి ఆపి, మూపు దగ్గర గోళ్ళతో గోకాడు. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది సరిగ్గా అక్కడే.

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ ఇంచుమించు అంతా కనబడుతుంది గానీ నుదుటికి సూటిగా ఎదురుగా, తోక వెనక కనబడదు. కాళ్ళ ముందు నేల మీద ఏముందో చూడాలంటే తల దించాలి. పిల్లాడు పగ్గం లాగి తల పైకెత్తించాడు. అడుగు ఎక్కడ పెట్టాలో చూసుకోనివ్వకుండా అడుగు వెయ్యమన్నాడు. దాన్ని మొండితనం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మన పాతవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అజ్ఞాతవాసానికి ముందు ఎవరు ఏ పనిలో చేరతారో ధర్మరాజు అడిగినప్పుడు నకులుడు గుర్రాల పనే కోరుకుంటాడు. విరాటుని కొలువులో దామగ్రంథి పేరుతో చేరతాడు. వాటి స్వభావం ఎరుగుదునని, వాటికి నడక నేర్పగలనని, పొగరుబట్టిన వాటిని దారికి తేగలనని, జబ్బు చేస్తే మందు వేయగలనని ఆయన తన అర్హతలు చెప్పుకున్నాడు. పొగరు దించడమూ వైద్యమూ ఒక్క మనిషి పనిగానే చెప్పడం నాకు ఎంతో నచ్చుతుంది. విజయనగర కాలంలో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని తెలుగులోనే ఒక అశ్వశాస్త్రం రాశాడు. ఇంత చదువు ఉన్న భాషలో ఇవాళ పగ్గం పట్టే పిల్లాడికి దొరికేది బెత్తం ఒక్కటే.

నకులుడు చెప్పిన వరసలో వైద్యం ఎంత ముఖ్యమో కళ్ళెం విప్పి చూస్తే తెలుస్తుంది. జాలి దగ్గర ఆగిన ఆ గుర్రం పెదవుల మూలల్లో ఎర్రగా ఒరుసుకుపోయిన పుండ్లు ఉన్నాయి. తల ఎగరేసే గుర్రం, జీను పట్టీ బిగించగానే కరవబోయే గుర్రం, ఉన్నట్టుండి అడుగు వెయ్యనంటున్న గుర్రం – ఇలాంటివాటికి ముందు నోరు, పళ్ళు, వీపు, డెక్కలు చూడాలి. లాడం కింద గులకరాయి ఇరుక్కున్న గుర్రానికి క్రమశిక్షణ నేర్పబోవడం పాపం. కొందరు ముళ్ళ కళ్ళెం వాడతారు. బండి లాగే, బరువు మోసే పశువుల మీద హింసను ఆపడానికి 1965లో చేసిన నిబంధనలు దాన్ని నిషేధించాయి. గుర్రాన్ని కొట్టి హింసించడమే నేరమని అంతకు ముందు 1960లోనే చట్టం వచ్చింది. అందులో మొదటి తప్పుకు పెట్టిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుకు భయపడి ఎవరూ కళ్ళెం మార్చరు. మనసులో జాలి ఉంటేనో, పక్కనున్నవాళ్ళు నిలదీస్తేనో మారుస్తారు.

మేత సంగతి కూడా చూడాలి. వదిలేస్తే గుర్రం రోజులో పదహారు గంటల దాకా మేస్తూ తిరుగుతుంది. దాన్ని పొద్దస్తమానం గుంజకు కట్టేసి, ఉలవలూ శనగలూ దండిగా పెట్టి, సాయంత్రం ఒక్కసారిగా జనం మధ్యకు తెస్తే ఆ బలమంతా ఎటు పోవాలి? గెంతుల్లోకి పోతుంది. అందుకే బయలుదేరే ముందు ఖాళీ జాగాలో పొడుగు తాడు మీద కుడికీ ఎడమకీ గుండ్రంగా తిప్పాలి. అలసిపోయేదాకా పరుగెత్తించడం వేరు. నడక, దుడుకు నడక, మళ్ళీ నడక, ఆగడం – ఇలా చెవి మన వైపు తిరిగేదాకా తిప్పితే చాలు. ఒక చెవి మన వైపు ఉందంటే వింటున్నదని అర్థం. రెండు చెవులూ వెనక్కి మెడకు అతుక్కుపోతే కోపం. కంటి తెల్లగుడ్డు బయటపడుతుంటే చాలా గుర్రాలకు అది భయమే. ఇవి చదవడం రాకుండా పగ్గం పట్టకూడదు.

తప్పు చేసినప్పుడు గట్టిగా ఉండొద్దని కాదు. మీద మీదకు తోసుకొచ్చే గుర్రానికి దారి ఇచ్చి మనం వెనక్కి జరిగితే, మనల్ని జరిపించవచ్చని అది నేర్చుకుంటుంది. మన జాగాలో మనం నిలబడి, పగ్గం ఆడించి దాన్నే రెండడుగులు వెనక్కి పంపాలి. అది కదిలిన ఆ క్షణంలోనే ఆపాలి. ముందుకు ఉరకబోతే సూటిగా లాగకుండా చిన్న చుట్టులో తిప్పాలి. ముందుకాళ్ళు ఎత్తి లేస్తే ఎదురుగా ఉండకూడదు, కిందికి గుంజకూడదు. పక్కకు తప్పుకుని పగ్గం వదులు చేసి, నేల మీదకు దిగాక ముందుకు నడిపించాలి. పగ్గాన్ని చేతికి చుట్టుకోవడం ఎప్పుడూ కూడదు. మంచి వీణావాదకుడు తీగను ఎక్కడ వదలాలో తెలిసినట్టు, గుర్రాన్ని దిద్దే సాహిణికి పగ్గం ఎప్పుడు వదలాలో తెలియాలి. గుర్రం నేర్చుకునేది ఆ వదిలిన క్షణంలోనే. అది సరైన పని చేశాక కూడా లాగుతూనే ఉంటే, ఆ పని వృథా అని నేర్పినవాళ్ళమవుతాం. నిన్న ఊరుకుని ఇవాళ కొడితే ఏ పాఠమూ అందదు.

మన ఒంట్లో కోపం ఉంటే అది దాచినా దాగదు. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని లోకమంతా నమ్మింది. కూడికకు జవాబుగా డెక్కతో అన్నిసార్లు నేల తట్టేది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి అసలు సంగతి కనిపెట్టాడు. జవాబు దగ్గర పడేకొద్దీ ప్రశ్న అడిగినవాడి తల, భుజాలు తనకే తెలియకుండా కదిలేవి. హాన్స్ ఆ కదలికను పట్టుకుని తట్టడం ఆపేది. దాని యజమానికీ ఆ సంగతి తెలియదు. 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు గుర్రాలకు మనుషుల ఫోటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖం చూసినప్పుడు వాటి గుండె వేగం త్వరగా పెరిగింది. ఉత్త ఫోటోకే అలా అయితే, పళ్ళు బిగించి బెత్తం ఎత్తిన మనిషిని దగ్గర నుంచి చూసే గుర్రం సంగతి ఏమిటి? కోపంగా ఉన్నప్పుడు గుర్రం దగ్గరికి పోవద్దని రెండు వేల ఏళ్ళకు పైబడి కిందటే గ్రీకు దళపతి జెనోఫన్ రాశాడు. బరాత్ గుర్రాలు తెచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పాలనుకునేదీ అదే.

గుర్రం ఆగిపోయిన ఆ వీధిలో నుంచి తల ఎత్తితే భువనగిరి కోట కనబడుతుంది. 500 అడుగుల ఏకశిల. 1076 నుంచి 1126 దాకా ఏలిన చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించినదంటారు, ఊరికి పేరూ ఆయన బిరుదు నుంచే. కోటలో ఆయుధాగారం, బావులతోపాటు గుర్రపుశాలలూ ఉండేవని చెబుతారు. ఎండకు కాలే ఆ ఏటవాలు బండను చూసినప్పుడల్లా గుర్రాలను దాని మీద ఎలా తిప్పారా అనుకుంటాను. ఎక్కి కూర్చుని అదిలిస్తే అయ్యే పని కాదది. డెక్క జారితే గుర్రమూ మనిషీ ఇద్దరూ పోతారు. దిగి, పగ్గం వదులుగా పట్టి, అడుగు చూసుకోనిచ్చి నడిపించిన మనుషులు ఎవరో ఉండి ఉంటారు. శాసనాల్లో వాళ్ళ పేర్లు ఉండవు.

పెళ్ళికి గుర్రం మాట్లాడేవాళ్ళు ధర దగ్గర గంటసేపు బేరమాడతారు. ఆ గంటలో రెండు మాటలు అడగాలి. కళ్ళెం ఎలాంటిది? పగ్గం పట్టేదెవరు? డీజే పెట్టెల్ని గుర్రం వెనక పెట్టనివ్వకండి. దానికి కనబడని చోటు నుంచి వచ్చే మోత అన్నింటికన్నా భయపెడుతుంది. బ్యాండును ముందు దూరంగా నడిపించండి, పటాకులు అది వెళ్ళిపోయాక కాల్చండి. గుర్రాన్ని ఒక గంట ముందే రప్పించి, ఆ వీధిని నింపాదిగా చూసుకోనివ్వండి. ఆ గంటకు కూలి అడిగితే ఇవ్వండి.