అతికేదే, కాని...

పగిలిన సిలిండర్ హెడ్డును అతకవచ్చునా అన్నది ఒక ప్రశ్న. అతికినదాన్ని నమ్మి ప్రయాణం చేయవచ్చునా అన్నది మరొకటి. ఈ రెండింటికీ నడుమ ఎంత ఎడముందో 2011 వేసవిలో విజయవాడ ఆటోనగర్‌లోని ఒక లేత్ షాపులో నాకు బోధపడింది.

మా మారుతి 800 రేడియేటర్‌లో నీళ్ళు రోజురోజుకూ తగ్గేవి. నేల మీద చుక్క పడేది కాదు. పొగగొట్టం నుండి తెల్లని పొగ, డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ వంటి నురగ. గాస్కెట్ మాత్రమే పోయి ఉంటుందని ఆశపడ్డాము. హెడ్డు విప్పి, కడిగి, ఎర్రని ద్రవం పూసి తుడిచి, దానిపై తెల్లని పూత చల్లగానే ఎగ్జాస్టు వాల్వు సీటు నుండి స్పార్క్ ప్లగ్గు రంధ్రం దాకా పాపిట్లో కుంకుమలాగ సన్నని గీత తేలింది.

గీత కనిపించినంత మాత్రాన తీర్పు చెప్పరాదట. కొన్ని హెడ్లలో రెండు వాల్వుల నడుమ పైపైన చిట్లిన గీతలతో ఇంజను ఏళ్ళ తరబడి నడుస్తుంది. పగులు నీటి దారిని తాకిందా అన్నదే అసలు సంగతి. మేస్త్రి నీటి రంధ్రాలన్నీ మూసి, లోపలికి గాలి ఎక్కించి, హెడ్డును వేడినీళ్ళ తొట్టిలో ముంచాడు. లోహం వేడికి వ్యాకోచిస్తేనే కొన్ని పగుళ్ళు నోరు విప్పుతాయి. కాసేపటికి బుడగలు వరుస కట్టాయి.

పోత ఇనుప హెడ్డయితే వేడి చేయకుండానే పగులు పొడుగునా మరల వంటి పిన్నులు బిగించి కుట్టవచ్చు. మాది అల్యూమినియం. పగులును చివరికంటా తొలిచి, హెడ్డును ముందుగా వేడిచేసి, ఆర్గాన్ వెల్డింగుతో నింపాలి. ఆపైన సీటు మార్చాలి, ముఖం చదును చేయాలి. ఏళ్ళ తరబడి ఆయిల్ తాగిన లోహంలో వెల్డు గుల్లబారే ప్రమాదముంది. ఆ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది కూడా.

"అతుకు ఊడదు బాబూ, దానికి పూచీ నాది. పక్కనున్న లోహానికి మాత్రం నేను పూచీ పడలేను" అన్నాడు మేస్త్రి. పని వదులుకుంటూ చెప్పిన మాట కనుక నమ్మాను.

మా కారు వారానికి మూడు రోజులు నాన్నగారిని తెనాలి నుండి విజయవాడకు డయాలిసిస్ కోసం తీసుకెళ్ళేది. తిరుగు ప్రయాణంలో ఆయన కూర్చోనైనా లేకపోయేవారు. అటువంటి మనిషిని వెనుక సీట్లో పెట్టుకొని, మే నెల ఎండలో, వారధి మీద ఆవిరి కక్కుతూ ఆగిపోయే కారును ఊహించుకున్నాక ఇక లెక్కలు అనవసరమనిపించింది.

తుక్కుకు వచ్చిన మరో బండి హెడ్డు దొరికింది. దాన్నీ అదే తొట్టిలో ముంచి చూడమన్నాను. బుడగలు రాలేదు. ఉక్కు బద్ద ఆనించి సందు కొలిస్తే 0.05 మిల్లీమీటర్ల రేకు కూడా దూరలేదు. వెల్డింగుకన్నా ఖర్చు కొంత ఎక్కువే అయింది.

చిరిగిన గొడుగును సైతం పారేయని మనిషి మా నాన్నగారు. పాత హెడ్డును పట్టుబట్టి ఇంటికి తెప్పించుకొని, భూతద్దంతో చాలాసేపు చూసి, "ఇది అతికేదేరా" అన్నారు.