మిరప ఘాటు అనుకున్నాం

మా తమ్ముడి కంటి గురించి చాలామంది అడుగుతున్నారు. అందరికీ ఒకేచోట చెబుదామని రాస్తున్నాం.

వాడికి చిన్నప్పటి నుంచీ దగ్గరి చూపే. అద్దాలు మైనస్ 11. ధర్మాబాద్ మిర్చి మార్కెట్‌లో లెక్కలు రాస్తాడు. ఒకరోజు కంట్లో మెరుపులు, నల్ల చుక్కలు అన్నాడు. మిరప ఘాటు అనుకున్నాం. చుక్కల మందు వేయించి నాలుగు రోజులు గడిపాం. అయిదో రోజు ఓ పక్క నుంచి తెర జారినట్టు చూపు మూసుకొచ్చింది. అప్పుడు హైదరాబాద్ రైలెక్కాం.

డాక్టరుగారు విడమరిచి చెప్పారు. మామూలు కన్ను పొడవు 24 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇలాంటివాళ్లకు 26 దాటి సాగుతుంది. లోపలి రెటీనా పొర పలచబడి చిరుగుతుంది. చిరుగులోంచి నీరు దూరి పొర ఊడుతుంది.

"ఏ ఆపరేషన్ మంచిది సార్?" అని అడిగాం. "ముందు చిరుగు ఎక్కడుందో చూడాలి" అన్నారు. వయసు చిన్నదై, చిరుగు అంచున ఉంటే కంటి బయట సిలికాన్ పట్టీ కట్టి లోపలికి నొక్కుతారు. లోపలి లెన్స్ జోలికి పోనక్కర్లేదు. కానీ అద్దాల నంబరు ఇంకాస్త పెరగొచ్చు. చిరుగు వెనక, చూపు కేంద్రం దగ్గరుంటే ఆ పట్టీ అందదు. అప్పుడు విట్రెక్టమీ. లోపలి జిగురు తీసి గ్యాస్ గానీ నూనె గానీ నింపుతారు. నూనెను మళ్లీ ఆపరేషన్ చేసి తీయాలి. గ్యాస్ తనంతట తనే కరుగుతుంది, అది పోయేదాకా విమానం ఎక్కకూడదు. తర్వాత శుక్లం త్వరగా రావడం మామూలే.

మావాడికి చిరుగు వెనక ఉంది. గ్యాస్ పెట్టారు. రోజుల తరబడి బోర్లా పడుకున్నాడు. వదిన పళ్లెం మంచం కిందికి జరిపి తినిపించేది. పొర అతుక్కుంది. కానీ అప్పటికే కేంద్రం ఊడిపోవడంతో చిన్న అక్షరాలు ఇంకా వంకరగానే కనిపిస్తున్నాయట. తెర కేంద్రం దాకా రాకముందే తీసుకెళ్లి ఉంటే బాగుండేది. ఆ తప్పు మాదే.

మన పిల్లల్లో మైనస్ 6 దాటినవాళ్లు ఏడాదికోసారి పాప పెద్దది చేసే మందు వేయించుకుని రెటీనా చూపించుకోండి. ఊడకముందే చిరుగు దొరికితే చాలాసార్లు లేజరుతో సరిపోతుంది. పెళ్లికి ముందు లేసిక్ చేయించి అద్దాలు తీసేసినా కన్ను పొడవు తగ్గదు, ప్రమాదమూ పోదు. మెరుపులు కనిపిస్తే ఆ రోజే బయలుదేరండి. తోడు కావాలంటే చెప్పండి, మేమొస్తాం.