పెరటిలో కలుపు - జహీరాబాదులో నేర్చుకున్న పాఠం



పల్లెటూరిలో పుట్టినవారికి కలుపు సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. మన తల్లులు, అక్కలు నడుము వంచి తీసిన కలుపు కూలితోనే మనలో చాలామందిమి చదువుకున్నాం. అయినా ఇంటి పెరడు దగ్గరకు వచ్చేసరికి అదొక చిన్న పనిగా కనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. అందువలన మా పొరుగింటి ఆమెకు జరిగిన నష్టం, ఆ తరువాత ఒక ప్రయాణంలో నా కళ్ళు తెరిపించిన సంగతులు ఈ నెల మీతో చెప్పాలని ఉంది.

2022 జూన్‌లో మా కుటుంబం బాపట్ల దగ్గర ఒక పల్లెకు మారింది. ఇంటి వెనుక ఎనిమిది సెంట్ల పెరడు. సముద్రానికి దగ్గర కనుక ఇసుక నేల. కొద్ది లోతులోనే నీళ్ళు పడతాయి. కూరగాయలకు ఇంతకంటే ఏం కావాలి అనుకుని, ఒక బండెడు పచ్చి పేడ తోలించి, మట్టిలో కలిపి, వంగ, బెండ, టమాటా నాటాం. నెల తిరగకుండా మా మొక్కలు కనబడలేదు. గలిజేరు, గరిక, ఊదగడ్డి, అన్నిటికీ మించి తుంగ! పశువు తిన్న గడ్డిగింజలు కొన్ని చావకుండా పేడలోకి వస్తాయనీ, ఆ పేడ కుప్పలో బాగా వేడెక్కి మాగితేనే ఆ గింజలు చస్తాయనీ నాకు అప్పుడు తెలియదు. డబ్బిచ్చి మరీ కలుపు విత్తనాలు తోలించుకున్నానన్నమాట.

ఒక సంవత్సరం పీకీ పీకీ మా ఆవిడ నడుము పట్టేసింది. 2023 జూలైలో నేను పట్నం వెళ్ళి కలుపుమందు తెచ్చాను. వరి చేలలో వెడల్పాకు కలుపుకు కొట్టే 2,4-డి అనే మందు అది. ఒక రైతు దగ్గర పంపు అడిగి తెచ్చి పెరట్లో ఖాళీగా ఉన్న భాగమంతా కొట్టాను. గలిజేరు వాడిపోయింది. తుంగ మాత్రం కొంచెం పసుపు తిరిగి, పది రోజులకు మళ్ళీ లేచింది.

మా గోడ అవతల భర్తలేని ఒక సోదరి పది సెంట్లలో టమాటా, గోరుచిక్కుడు వేసి, సంతలో అమ్ముకుని ఇద్దరు పిల్లలను చదివించుకుంటోంది. ఆ రోజుల్లో ఆమె టమాటాకు పేనుబంక పట్టింది. "అయ్యగారూ, మీ పంపు ఒకసారి ఇస్తారా?" అని అడిగింది. ఇవ్వడమేమిటి, నేనే కొడతానని చెప్పి, పంపును రెండుసార్లు నీళ్ళతో కడిగి, వేపనూనె కలిపి తోటంతా కొట్టి వచ్చాను. మంచి పని చేశానని సంతోషపడ్డాను కూడా.

వారం తిరిగేసరికి ఆ టమాటా కొమ్మలు మెలికలు తిరిగాయి. ఆకులు సన్నగా తాళ్ళలాగా సాగాయి. పూత రాలింది. గోరుచిక్కుడు కూడా ముడుచుకుపోయింది. చూసినవారు ఏదో వైరస్ తెగులన్నారు. ఆమె విత్తనాలు మంచివి కావంది. నేనూ "అంతే అయ్యుంటుందమ్మా" అన్నాను.

ఆ ఆగస్టులో మా తోడల్లుడిని చూడటానికి జహీరాబాదు వెళ్ళాం. బాపట్లలో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, అక్కడి నుంచి బస్సు పట్టుకున్నాం. ముంబయి వెళ్ళే రోడ్డు అది. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పరిశోధనా కేంద్రం పొలాలు దాటి, సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట మీదుగా సాగేసరికి నేల రంగే మారిపోయింది. ఎటు చూసినా ఎర్ర చెలకలు. చెరకు, అల్లం, పత్తి. వాటి మధ్య మధ్య చిన్న చిన్న కమతాల్లో కంది, జొన్న, పెసర కలిపి వేసిన చేలు. కాలువ నీళ్ళకు అలవాటుపడిన మా కళ్ళకు వాన మీదనే ఆధారపడిన ఆ సేద్యం వింతగా తోచింది.

జహీరాబాదును ఆనుకునే పస్తాపూర్ ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983 నుంచి ఇక్కడి పల్లెల్లో పేద మహిళల సంఘాలతో పనిచేస్తోంది. పాత చిరుధాన్యాల విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా ఊరేగించే పాత పంటల జాతరకు పేరు పొందినది ఆ సంఘాలే. వారు విత్తి పెంచిన పంటనే కాదు, చేలో దానంతట అది మొలిచిన ఆకుకూరలను కూడా పంటగానే లెక్కిస్తారని మా తోడల్లుడు చెప్పాడు. ఆ మాట నాకు అప్పుడు సరిగా అర్థం కాలేదు. మరునాడు ఆయన తన స్నేహితుడి ఊరికి తీసుకువెళ్ళాడు. అక్కడ అర్థమైంది.

ఆ స్నేహితుడి తల్లికి డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. మేము వెళ్ళేసరికి ఇంటి వెనుక గొంతుకూర్చుని, చేతిలో చిన్న ఇనుప పనిముట్టుతో మిరప మడిలో కలుపు తీస్తోంది. మా వైపు బొరిగె అంటాం, వారు కుర్పి అంటారు. ఆమె పక్కన మూడు కుప్పలున్నాయి. మూడెందుకమ్మా అని అడిగాను.

"అన్నీ ఒక్కటి కావు అయ్యగారూ. గిది గంగవాయిలి, పప్పుల ఏస్తే మస్తుగుంటది. గిది చెంచలి కూర. గీ కుప్ప గడ్డి, బర్రెకేస్త. గీ తుంగగడ్డల్ని మాత్రం బండ మీద ఎండవెడ్త. మళ్ళ మట్టి తాకితే లేస్తది."

"ఎన్నాళ్ళకొకసారి తీస్తావమ్మా?"

"రోజూ. పొద్దుగాల పాలు పిండినంక జరసేపు. చిన్నగున్నప్పుడైతే ఉత్త గీకుడే. పెద్దగైనంకనే తీసుడు, నడుం నొచ్చుడు."

ఆ రోజు మేము గంగవాయిలి పప్పుతోనే జొన్నరొట్టె తిన్నాం. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు ఆ కూర తగ్గించుకోవాలి. మందు కొట్టిన చోట మొలిచినది ఎవరూ తినకూడదు. మిగతావారికి అది డబ్బు ఖర్చులేని కూర.

భోజనాల దగ్గర నేను మా తుంగ గురించి, కొట్టిన మందు గురించి చెప్పాను. ఆమె కుమారుడు వెంటనే అడిగాడు: "కలుపుమందు కొట్టిన పంపుతోటి మళ్ళ వేరే మందు కొట్టలే కదా సార్? మా చుట్టాల పత్తి చేను గట్లనే ముడుచుకపోయింది. ఎంత కడిగినా పంపుల ఇంత మిగుల్తది. గా ఇంతే చాలు పత్తికి, టమాటకు."

నాకు ముద్ద దిగలేదు. పొరుగింటి టమాటా కొమ్మలు కళ్ళముందు కదిలాయి. నేను విన్నది నిజమని లోపల అప్పటికే తెలిసిపోయింది. సాయంత్రం ఆ పెద్దమ్మ పెరట్లో మరో గంట కూర్చుని ఆమె పని చూశాను. ఆమె దగ్గర నేర్చుకున్నవీ, తిరిగి వచ్చాక ఇతరుల దగ్గర తెలుసుకున్నవీ ఇక్కడ కలిపి రాస్తున్నాను.

మొదటిది పనిముట్టు. ఇంటి పెరటికి మూడు చాలు. మొక్కల మధ్య పనికి బొరిగె, నిలబడి గీకడానికి పొడుగు కర్ర ఉన్న దోకుడుపార, లోతు వేళ్ళకు గడ్డపలుగు. బొరిగె, దోకుడుపార అంచు పదునుగా ఉండాలి. మొద్దుబారిన అంచు కలుపును కొయ్యదు, వంచుతుంది. దోకుడుపార అంగుళం లోతుకు మించి దిగకూడదు. లోతుగా తిరగేస్తే అడుగున నిద్రపోతున్న గింజలు పైకి వచ్చి మొలుస్తాయి. ఎండగా ఉన్న ఉదయం గీకితే తెగిన మొలకలు సాయంత్రానికి మాడిపోతాయి. ముసురులో గీకితే మళ్ళీ నాటుకుంటాయి.

రెండవది మొక్క స్వభావం. గింజతో పుట్టేదాన్ని పూత రాకముందే తీసేస్తే చాలు. వయ్యారిభామనే చూడండి. 1955లో పుణే దగ్గర గుర్తించిన ఆ మొక్క దేశమంతా వ్యాపించిందంటే కారణం దాని గింజలే, ఒక్కో మొక్కకు వేలకొద్దీ. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పువ్వు రాకముందు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో సహా లాగాలి. దాని వలన కొందరికి ఒంటిమీద దద్దుర్లు, ఉబ్బసం వస్తాయి. గరిక అలా కాదు. దాని ప్రతి కణుపూ వేరు పోసుకుంటుంది కనుక ముక్కలు చేస్తే ఇంకా పెరుగుతుంది. పలుగుతో వదులు చేసి తీగను పొడుగునా లాగాలి.

తుంగ మరీ మొండిది. పైన ఆకు పీకితే కింద గడ్డ మళ్ళీ మొలకెత్తుతుంది. ఒక గడ్డ నుంచి మరో గడ్డ గొలుసులాగా పుడతాయి. వైద్యంలో వాడే తుంగముస్తెలు అవే. కాని దానికి రెండు బలహీనతలున్నాయి. గడ్డలు బాగా ఎండితే చస్తాయి. మొక్క నీడకు ఓర్చుకోలేదు. ఆకు లేచిన ప్రతిసారీ, రెండు వారాలు దాటకుండా కోస్తూ పోతే గడ్డలో దాచుకున్న బలం క్రమంగా తరిగిపోతుంది.

మూడవది నేలను ఖాళీగా, తడిగా వదలకపోవడం. చెరకు ఆకు, వరిగడ్డి, కొబ్బరిమట్ట, ఏది దొరికితే అది మూడు నాలుగు అంగుళాల మందాన మొక్కల మధ్య పరిస్తే వెలుతురు లేక చాలా గింజలు మొలవవు. మొక్క మొదలుకు మాత్రం తగలనివ్వకండి. చెదలున్న చోట జాగ్రత్త అవసరం. నీరు మడి అంతా కాక మొక్క మొదట్లోనే పోయాలి. మట్టికుండ పాతి నీళ్ళు నింపినా మంచిదే.

విత్తే ముందు ఇంకో ఉపాయం ఉంది. మడికి నీరు పెట్టి ఎనిమిది, పది రోజులు ఆగండి. మొలిచిన కలుపునంతా పైపైన గీకి, మట్టి తిరగేయకుండా విత్తండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే తడిపిన మడి మీద పలుచటి పారదర్శక పాలిథీను పట్టా బిగించి, అంచులు మట్టితో కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే ఆ వేడికి పైమట్టిలోని గింజలు చాలావరకు చస్తాయి. తుంగ మాత్రం దీనికి పూర్తిగా లొంగదు.

గురుగుల ఉపమానం మన పాఠకులందరికీ తెలిసినదే. గురుగులను పీకితే గోధుమ కూడా పెళ్ళగిలుతుందన్న యజమాని మాట అనుభవం ఉన్న రైతు మాట. లేత ఉల్లినారు, మెంతికూర మడుల్లో అదే చిక్కు. అలాంటి చోట పక్కనున్న కలుపును లాగకుండా, నేలమట్టానికి చిన్న కత్తితో కోసేయడమే మేలు.

ఇంటికి చేరిన సాయంత్రమే గోడ అవతలికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయ్యో అయ్యగారూ, విత్తనాలు మంచివి కావని ఆ కొట్టబ్బాయిని నలుగురిలో తిట్టి వచ్చానే!" అంది.

నేను చేసిన తప్పు ఆ గోడ దగ్గరే ఆగలేదన్నమాట. మరునాడు ఉదయం ఇద్దరం సంతకు వెళ్ళాం. ఆ కొట్టు ముందు, జనం ఉండగానే, తప్పు విత్తనాలది కాదు, నాదని చెప్పాను. నా జీవితంలో అంత కష్టంగా పలికిన మాటలు తక్కువ. ఆ అబ్బాయి సిగ్గుపడి, "పోనివ్వండి అయ్యగారూ" అన్నాడు. నష్టం మొత్తం లెక్క కట్టి ఇస్తానంటే ఆమె కొత్త నారుకు, ఎరువుకు మాత్రమే తీసుకుంది. ఆ పంటకాలమంతా వారానికి రెండు ఉదయాలు ఆమె మడుల్లో కలుపు తీసే పని నేను పెట్టుకున్నాను.

మా పెరటిని నాలుగు భాగాలు చేశాను. ఒకేసారి అంతా బాగుచేయాలన్న తొందరే నన్ను మందు దగ్గరకు నడిపింది కనుక, ఈసారి ఒక్కొక్క భాగమే పట్టుకున్నాం. 2024 ఎండాకాలంలో మొదటి భాగం పలుగుతో తవ్వి, ఇసుక కనుక జల్లెడ పట్టి, తుంగగడ్డలు ఏరి సిమెంటు గచ్చు మీద ఎండబెట్టాం. వాటిని ఎరువుకుప్పలో వేయలేదు. వానలకు అక్కడ అలసంద ఒత్తుగా విత్తాం. దాని నీడలో మిగిలిన తుంగ పాలిపోయింది. ఇప్పుడు రెండు భాగాల్లో ఉదయం పావుగంట గీకితే సరిపోతుంది. తుంగ పూర్తిగా పోయిందని చెప్పను. పోలేదు. కాని మా ఆవిడ నడుము నొప్పి తగ్గింది.

మందుల సంగతి కూడా ఒక మాట. గ్లైఫోసేట్ అనే కలుపుమందును లైసెన్సున్న తెగుళ్ళ నివారణ పనివారు తప్ప ఇతరులు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ అనే మరో మందు లోపలికి పోతే దానికి విరుగుడే లేదు. ఏ మందునూ కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో ఉంచవద్దు. పొలంలో వాడేవారు కలుపుమందుకు వేరే పంపు ఉంచుకుని, దాని మీద రంగుతో గుర్తు పెట్టండి. అరువు తెచ్చిన పంపయితే ముందు అందులో ఏం కొట్టారో అడిగి తెలుసుకోండి. ఎనిమిది సెంట్ల పెరటికి బొరిగె చాలు.

ఈ నెలలో మా గోడ అవతల టమాటా బాగా కాసింది. నిన్న ఆ సోదరి ఒక గిన్నెలో గంగవాయిలి కూర పంపించింది. జహీరాబాదు పెద్దమ్మ సంగతి ఆమెకు చెప్పింది నేనే. ఇప్పుడు ఆమె కూడా కలుపును మూడు కుప్పలు చేస్తోంది.