రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది!

రాత్రి తొమ్మిది కావస్తోందంటే చాలు... హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే కార్లవాళ్లు మన్ననూరు చేరాలని హడావుడి పడతారు. అక్కడి అటవీశాఖ చెక్‌పోస్టు గేటు తొమ్మిదింటికి మూస్తే మళ్లీ తెరిచేది ఉదయం ఆరింటికే. ‘మల్లన్న దర్శనానికి పోతుంటే ఈ అడ్డేమిటి?’ అని విసుక్కునేవాళ్లూ ఉంటారు. కానీ ఆ తొమ్మిది గంటలూ ఆ దారి నల్లమలది!

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలో చిన్న ఊరు మన్ననూరు. ఊరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యమే. ఒకప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో భాగమైన ఈ అడవి, రాష్ట్ర విభజన తరవాత వేరుపడింది. విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, కణితి, దుప్పి, కొండగొర్రె... అన్నీ ఉన్నాయి.

వీటన్నిటి మధ్యా ఓ బుజ్జి ప్రాణి ఉంది. పేరు మూషిక జింక. బరువు మూడు కిలోల లోపే! కొమ్ములుండవు. మగవాటికి మాత్రం పైదవడ నుంచి చిన్న కోరలు కనిపిస్తాయి. గోధుమరంగు ఒంటిమీద తెల్లని చుక్కలు, చారలు. పగలు పొదల్లో నక్కి, రాత్రి మేతకు బయల్దేరుతుంది. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో వీటి సంతతిని పెంచి, 2017లో ఎనిమిదింటిని ఈ అడవిలో వదిలారు.

అంత చిన్న జంతువు రోడ్డు దాటుతుంటే కారు దీపాల వెలుగులో డ్రైవరుకి కనిపించేదెంత? గేటు విలువ అక్కడే తెలుస్తుంది. పగలు మాత్రం కోతులకు ముప్పు తప్పడంలేదు. భక్తులు జాలిపడి విసిరే అరటిపండు కోసం రోడ్డెక్కి, చక్రాల కింద పడుతున్నాయి. పుణ్యం కోసం పెట్టిందే వాటి ప్రాణం తీస్తోంది.

అడవి విలువ ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తేనె, దుంపలు, మూలికలతో తరతరాలుగా బతికిన చెంచుల పెంటలు ఇప్పటికీ లోపల ఉన్నాయి. 2019లో యురేనియం అన్వేషణ మాట వినిపించగానే ఊళ్లకు ఊళ్లే కదిలాయి. ఆ ఏడాది సెప్టెంబరు 16న తవ్వకాలకు వ్యతిరేకంగా శాసనసభ తీర్మానం చేసింది.

ఇంకేం చూడొచ్చు? ఫర్హాబాద్ వ్యూపాయింట్ నుంచి చూస్తే కొండల వరసలు కనుచూపు మేరా పచ్చగా పరుచుకుంటాయి. నిజాం కాలంలో అది వేట విడిది. ఇప్పుడు తుపాకీ బదులు కెమెరాతో జీపు సఫారీకి వెళ్తారు. వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం జలపాతం మరో ఆకర్షణ.

ఎలా వెళ్లాలి? హైదరాబాద్ నుంచి మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు. శ్రీశైలం బస్సులన్నీ ఇటే వెళ్తాయి. వానాకాలంలో సఫారీ ఉండదు. ఆలస్యమై గేటు పడితే తిట్టుకోకండి. టీ తాగి, ఆ రాత్రికి మన్ననూరులోనే ఉండిపోండి. అవతల ఓ మూషిక జింక నింపాదిగా రోడ్డు దాటుతుండొచ్చు!