చెరువుకు తగ్గ ఆయకట్టు

ఎండకు మనకు కొదవ లేదు. హైదరాబాదు పరిసరాల్లో చదరపు మీటరు నేల మీద ఏడాది సగటున రోజుకు సుమారు 5 యూనిట్ల సూర్యశక్తి పడుతుంది. అయినా ఆ ఎండను ఇంట్లో దీపంగా మార్చుకోబోయినవారు రెండేళ్లు తిరగకుండానే "సోలార్ దండగ" అని విసుక్కోవడం పల్లెల్లో నేను తరచు విన్న మాట. లోపం ఎండలో లేదు, చాలాసార్లు ప్యానెల్లో కూడా లేదు. ప్యానెల్‌కూ బ్యాటరీకీ పొత్తు కుదరకపోవడంలో వుంది. రైతు బిడ్డగా, సైన్సు విద్యార్థిగా ఆ పొత్తు గురించి నాలుగు మాటలు మిత్రుల ముందు పెడుతున్నాను.

మా ఇల్లు వికారాబాదు వైపు, ఊరికి దూరంగా, వాగు అవతల చెలకలోనే వుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. కాని స్తంభమే రాని చోటికి ఉచిత కరెంటు మాత్రం ఎట్లా వస్తుంది? 2024లో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సాయం ఇస్తుంది. అయితే అది కరెంటు లైనుతో కలిపిన ఇళ్లకే. లైను వున్నవారికి బ్యాటరీ చింత లేదు. మిగిలిన కరెంటును లైనులోకి పంపి, రాత్రికి లైను నుంచే తీసుకుంటారు. లైను లేనివాడు తన చెరువు తానే తవ్వుకోవాలి.

నేను ఇంటర్ చదువుతూ హాస్టల్లో వుండగా, పత్తి అమ్మిన డబ్బుకు కొంత అప్పు కలిపి నాయిన సోలార్ పెట్టించాడు. 100 వాట్ల ప్యానెళ్లు రెండు, 150 ఏహెచ్ బ్యాటరీలు నాలుగు. "బ్యాటరీలు ఎన్ని ఎక్కువుంటే అంత నిశ్చింత" అని దుకాణం ఆయన నచ్చజెప్పాడట. మొదట్లో బాగానే వెలిగాయి. వానలు మొదలయ్యేసరికి ఫ్యాన్లు అర్ధరాత్రికే ఆగిపోసాగాయి. రెండేళ్లలో బ్యాటరీలు బరువుకు తప్ప దేనికీ పనికిరాకుండా పోయాయి. అప్పు మాత్రం చెక్కుచెదరలేదు. పదో తరగతికి వచ్చిన మా చెల్లెలు ఊళ్లో చార్జింగ్ పెట్టి తెచ్చిన లైటు ముందు కూచుని చదివేది.

ఎందుకు ఇట్లా అయింది? లెక్క చిన్నదే. 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో 1800 వాట్-గంటలు పడతాయి, నాలుగింటిలో 7200. ఇక 200 వాట్ల ప్యానెళ్లు 5 గంటల నిండు ఎండకు 1000 ఇవ్వాలి. వేడి, దుమ్ము, తీగెలు, బ్యాటరీ తినే వాటా పోగా మనకు దక్కేది 750. ఇంటి ఖర్చు 900. కొత్త బ్యాటరీలు దుకాణం నుంచే నిండుగా వచ్చాయి గనుక లోటు వెంటనే కనబడలేదు. ఆ తర్వాత అవి ఒక్కనాడు కూడా నిండలేదు.

సీసం-ఆమ్లం బ్యాటరీని 1859లో ఫ్రాన్సుకు చెందిన ప్లాంటే తయారుచేశాడు. దాని స్వభావం నేటికీ మారలేదు. కరెంటు తీసినకొద్దీ రెండు రకాల ప్లేట్ల మీదా సీసపు సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే నిండా చార్జి చేస్తే కరిగిపోతుంది. సగం కడుపుతో రోజుల తరబడి వుంచితే గట్టి స్ఫటికాలుగా మారి, మళ్లీ కరగనని మొండికేస్తుంది. అంటే మా బ్యాటరీలు వాడకం వల్ల చావలేదు, ఆకలితో చచ్చాయి.

నిరుడు దసరా సెలవుల్లో మాదాపూర్‌లో మా పెదనాయిన కొడుకు దగ్గరికి వెళ్లాను. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత ఆ చుట్టూ లేచిన అద్దాల మేడల్లో ఒకదానిలో అన్న ఎలక్ట్రీషియన్. యూపీఎస్ గది చూపించాడు. ఇనుప అరల్లో వరుసలు వరుసలుగా బ్యాటరీలు! "ఇవి పది నిమిషాలు ఆపితే చాలు తమ్మీ, ఆలోపల డీజిల్ జనరేటర్ అందుకుంటది" అన్నాడు. కొన్నేళ్లకోసారి వాటిని మార్చేస్తారు. ఆ సంగతి తెలిసి నాయిన ఫోన్లో, "పాతవి అగ్గువకు దొరుకుతయేమో అడుగు బిడ్డా" అన్నాడు.

అన్న ఒప్పుకోలేదు, న్యాయంగానే. అవి ఎప్పుడూ నిండుగా వుండి, ఎప్పుడో ఒకసారి కొద్ది నిమిషాలు పెద్ద బరువు మోయడానికి చేసినవి. రోజూ రాత్రి సగం దాకా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతాయి. పైగా ఒకే వరుసలో పాతదీ కొత్తదీ కలిపితే అన్నిటికన్నా బలహీనమైనదే మిగతావాటిని కూడా కిందికి లాగుతుంది. 2022 నాటి నిబంధనల ప్రకారం అట్లాంటి బ్యాటరీలు రీసైక్లింగుకు పోవాలి గాని చెలకలోకి రాకూడదు. సీసం నేలకు మంచిది కాదు గదా!

అన్న డ్యూటీ దిగాక ఇద్దరం దుర్గం చెరువు గట్టుకు పోయాం. ఒకప్పుడు గోలకొండ కోటకు తాగునీరిచ్చిన చెరువది. 2020లో దాని మీద తీగల వంతెన తెరిచారు. అక్కడి నుంచే నాయినకు ఫోన్‌లో లెక్కంతా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే వాన పడే జాగ చిన్నది, చెరువు పెద్దగ తవ్వినం. అంతేనా?" అన్నాడు. అంతే! ప్యానెల్ వాన పడే జాగ, బ్యాటరీ చెరువు, నిండగానే చార్జింగ్ ఆపే కంట్రోలర్ మత్తడి. అటుదిటు అయినా నష్టమే: చిన్న బ్యాటరీకి పెద్ద ప్యానెళ్లు పెడితే ఎండంతా మత్తడి దుంకిపోతుంది. "మరి ఆయకట్టు ఎంతనో ముందు తేల్చు" అన్నాడు నాయిన.

అక్కడే మొదలుపెట్టాం. 9 వాట్ల బల్బులు నాలుగు, 5 గంటలు: 180. 30 వాట్ల ఫ్యాన్లు రెండు, 8 గంటలు: 480. టీవీ 3 గంటలు: 120. ఫోన్లకు 20. మొత్తం 800, ఇన్వర్టర్ నష్టంతో 900. అమ్మ అడిగిన ఫ్రిజ్ ఒక్కటే రోజుకు ఇంకో 1000 దాకా తాగుతుంది. అమ్మ కాగితం వంక చూసి, "స్తంభాలు వచ్చినంక చూద్దాం తియ్" అన్నది. ఆ కాగితంలో రాయడానికి కష్టమైన అంకె అదొక్కటే.

మబ్బు పట్టిన రెండు రోజులకు 1800 కావాలి. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు గనుక 3600, అంటే 150 ఏహెచ్ బ్యాటరీలు రెండే చాలు. వాటిని వరుసగా కలిపితే 24 వోల్టులు. వాటి సామర్థ్యంలో పదో వంతు, అంటే 15 యాంపియర్లతో నింపాలంటే సుమారు 420 వాట్లు కావాలి. పాత ప్యానెళ్లు రెండూ బాగానే వున్నాయి. ఒక్కొక్కటి దాదాపు 18 వోల్టులు ఇస్తుంది. రెండింటినీ వరుసగా కలిపితే 36. అదే వోల్టేజి ఇచ్చే 300 వాట్ల కొత్త ప్యానెల్ ఒకటి కొని పక్కన జతచేశాం. మొత్తం 500 వాట్లు. వానాకాలంలో 3 గంటల ఎండే దొరికినా, నష్టాలు పోను 1125 వస్తాయి, ఖర్చు 900.

ఈ వానాకాలం గట్టెక్కింది. పొద్దున్నే నాయిన మీటరు చూస్తాడు. 25 దాటితే చెరువు నిండినట్టు, 24.4కు దిగితే సగమైనట్టు. సగానికి వస్తే ఆ రాత్రి టీవీ బంద్, చెల్లెలి బల్బు మాత్రం వెలుగుతుంది.

మిత్రులారా, మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. మీ ఊళ్లో ఎవరైనా సోలార్ కొనబోతుంటే దుకాణానికి పోకముందే ఒక కాగితం తీసుకుని రాత్రికి ఏమేం వెలగాలో, ఎన్ని గంటలు వెలగాలో వాళ్లచేత రాయించండి. తరువాత లెక్క గట్టడానికి మనం చదువుకున్న చదువు సరిపోతుంది.