తిట్టే హక్కు

లోకంలో కొన్ని హక్కులకు దస్తావేజులుండవు. ఇంటి పెద్దను విసుక్కునే హక్కు, వాన రాకపోతే దేవుడిని నిలదీసే హక్కు అటువంటివి. ఆటజట్టును తిట్టే అభిమాని హక్కు కూడా ఈ కోవలోనిదే. జట్టులో అతని పెట్టుబడి దమ్మిడీ లేదు. ఆటగాళ్ళను ఎంపిక చేసేటప్పుడు అతని సలహా ఎవరూ అడగలేదు. అయినా జట్టు ఓడిన రాత్రి అతనికి అన్నం సహించదు. మరునాడు ఎవరైనా "ఇందులో నీకు పోయిందేమిటి?" అని అడిగితే చెప్పుకోలేడు. చెప్పుకోలేని ఆ నష్టమే అతని అభిమానానికి ఋజువు.

సూరత్ నగరానికి దక్షిణాన, ముంబయి వెళ్ళే రైలుమార్గంలో, ఉధనాకూ సచిన్‌కూ నడుమ భేస్తాన్ ఉన్నది. సూరత్‌ను బ్రతికించేది బట్ట. ఆ బట్ట నేసే మరమగ్గాల చప్పుడు ఈ దిక్కున రాత్రింబవళ్ళు ఆగదు. ఒడిశాలోని గంజాం జిల్లా నుండి వచ్చినవారూ, తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలీలూ ఆ మగ్గాల ముందు పక్కపక్కనే నిలబడతారు. చేతిమగ్గం కూడు పెట్టలేని కాలంలో తెలంగాణ నేతగాళ్ళు షోలాపూరుకు, భివండికి, సూరత్‌కు వలసపోయారు. ఇక్కడి నగరపాలిక వారి పిల్లలకోసం తెలుగు బడులు కూడా నడుపుతున్నది. వారు హిందీలో బేరమాడతారు, గుజరాతీలో పలకరిస్తారు, కోపం వచ్చినప్పుడు మాత్రం తెలుగులోకి వస్తారు.

అటువంటివారిలో నడివయసు నేత కార్మికుడొకడు, చుట్టూ అందరూ క్రికెట్టు చూస్తూ ఉంటే, ఫుట్‌బాల్‌ను పట్టుకున్నాడు. 2019లో హైదరాబాదు పేరు పెట్టుకొని ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒక క్లబ్బు వెలసింది. ఆ పేరు చాలింది అతనికి. గచ్చిబౌలిలోని దాని మైదానాన్ని అతడు కన్నులారా చూచినవాడు కాడు. పగటి పాళీ ముగించుకొని, మగ్గాల మోత చెవుల్లో ఇంకా గింగురుమంటూ ఉండగానే, చేతిఫోనును నీళ్ళబిందెకు ఆనించి ఆట చూసేవాడు. పక్క గదిలోని తెలుగు కుర్రవాడు ఒకడు వచ్చి చేరేవాడు. గోలు పడితే ఇద్దరూ అరిచేవారు. గోలు తప్పితే ఇంకా గట్టిగా అరిచేవారు.

అతని ఆశకు ఆధారం లేకపోలేదు. హైదరాబాదు ఒకప్పుడు భారతీయ ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లు వంటిది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు, వరుసగా అయిదేండ్లు, బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. ఆ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 గోళ్ళతో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశాడు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ స్వర్ణజట్టులోని ఆటగాడే. తాను పుట్టకముందు జరిగిన ఈ విజయాలను భేస్తాన్ కార్మికుడు తాతలనాటి మాన్యాలవలె చెప్పుకొనేవాడు. అనుభవానికి రాని ఆస్తి పైననే మనిషికి మమకారమెక్కువ.

కొత్త క్లబ్బు మొదటి ఏడే అతని సహనాన్ని పరీక్షించింది. పద్దెనిమిది ఆటలలో రెండే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. అతడు తిట్టాడు, ఐనా చూడడం మానలేదు. మూడవ సీజనుకు ఫలితం దక్కింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో తుది ఆట. ఒక గోలు వెనుకబడి ఉండగా, ఆట ఇక ముగుస్తుందనగా, 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడవలె నిలిచాడు. కప్పు హైదరాబాదుది. ఆ రాత్రి అతడు ఇరుగుపొరుగు గదులన్నిటికీ మిఠాయి పంచాడు. ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఎరుగనివారు కూడా తిని, బాగున్నదన్నారు.

ఆ తీపే తరువాతి చేదుకు మూలమైంది. ఎన్నడూ గెలవని జట్టు అభిమాని ఓటమికి అలవాటు పడతాడు. ఒకసారి గెలిచిన జట్టు అభిమాని ఆ ఒక్క రాత్రి మళ్ళీ వస్తుందని ప్రతి రాత్రీ ఎదురు చూస్తాడు. 2023-24 సీజనులో ఇరవైరెండు ఆటలకు ఆ జట్టు గెలిచింది ఒక్కటే; వచ్చిన పాయింట్లు ఎనిమిది. మొదట అతని కోపానికి హద్దు లేదు. శిక్షకుడిని తిట్టాడు, రక్షణ పంక్తిని తిట్టాడు, బంతిని తిట్టాడు. తరువాత సంగతులు తెలియవచ్చాయి. ఆటగాళ్ళకు జీతాలు సకాలంలో అందడం లేదు. విదేశీ ఆటగాళ్ళు ఒక్కరొక్కరుగా వెళ్ళిపోతున్నారు. కొత్తవారిని చేర్చుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య నిషేధం విధించింది. మిగిలినవారిలో ఎక్కువమంది పసితనం వీడని కుర్రవాళ్ళు. వారే ప్రతి వారమూ దిగి, ఓడి, మళ్ళీ దిగారు.

అప్పుడు అతని నోరు మెత్తబడింది. కూలి చేతికి రాకుండా పాళీ చేయడమంటే ఏమిటో మగ్గం దగ్గర నిలబడ్డవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. అభిమాని కోరేది ఎల్లవేళలా గెలుపేనని లోకం అనుకొంటుంది. అతడు నిజంగా కోరేది, తాను పడే తపనలో సగమైనా మైదానంలో కనబడాలని. అది కనబడిన నాడు ఓటమిని కూడా ఇంటికి తెచ్చుకొని పక్కన పడుకోబెట్టుకొంటాడు. 2024-25లో జట్టు పదమూడింటిలో పన్నెండవదిగా నిలిచింది. వచ్చే ఏడు చూద్దామన్నాడు.

వచ్చే ఏడు రాలేదు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని కొత్త పేరు పెట్టుకొన్నది.

పక్క మగ్గం మీద పనిచేసే గంజాం మనిషికి ఈ కథ కొత్త కాదు, కాని అతడు దాన్ని రెండవ వైపు నుండి ఎరుగును. ఢిల్లీ డైనమోస్ అన్న క్లబ్బు 2019లో భువనేశ్వరానికి తరలివచ్చి ఒడిశా క్లబ్బు అయింది. 2023లో సూపర్ కప్పు కూడా గెలిచింది. ఆనాడు గంజాంవాళ్ళు పండుగ చేసుకొన్నారు. ఇది తలచుకొన్నప్పుడు తెలుగు కార్మికుడి మనసులో ఒక ములుకు గ్రుచ్చుకొన్నది. ఢిల్లీలో ఆనాడు ఎవడో ఒకడు తనవలెనే ఖాళీ తెర ముందు కూర్చొని ఉంటాడు. అంతెందుకు, హైదరాబాదు క్లబ్బు పుట్టింది పుణె క్లబ్బు స్థానంలో కాదా? అప్పుడు పుణెలో ఎవరి అన్నం చెడిందో తాను అడిగాడా? పొట్ట గడవక ఊరు విడిచి వచ్చిన తనకు, పొట్ట గడవక ఊరు విడిచిన జట్టును తప్పుపట్టే నోరెక్కడిది?

తర్కానికి ఇంతతో తృప్తి. మనసుకు తృప్తి లేదు. ఒక సాయంకాలం, ఆట చూసే వేళకు, పక్క గది కుర్రవాడు అలవాటుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇగ ఎవల్ని తిట్టాలె, అన్నా?" అన్నాడు.

పెద్దవాడు నవ్వబోయి నవ్వలేకపోయాడు. గెలిచే జట్టు కలవాడు అదృష్టవంతుడు. ఓడే జట్టు కలవాడు కూడా బీదవాడు కాడు. రేపటిమీద కోపగించుకోవడానికి అతనికి ఒక చోటున్నది. ఆ చోటే లేకుండా పోయినప్పుడు, తాను ఇన్నాళ్ళూ తిట్టినది దేనినో మనిషికి తెలిసివస్తుంది. దూరాన ఉన్న ఊరితో అతడు వారం వారం మాట్లాడుతూ వచ్చాడు. ఆ మాటలు తిట్ల రూపంలో ఉండేవి, అంతే.